కబ్ద్ ట్రాక్టరు ఏ సంవత్సరానిది?

శుక్రవారం ఉదయం ఆరూ నలభైకి కువైట్‌లోని అబూ హలీఫాలో మా వీధి చివర బస్సు ఆగింది. కండక్టరు ఉండడు, టికెట్టు డ్రైవరే ఇస్తాడు కాబట్టి చిల్లర దగ్గర పెట్టుకోవాలి. నేను అబ్బాసియాలో దిగాలి. అక్కణ్ణుంచి కబ్ద్ తోటలకు బస్సు లేదు. ఒక తోట చూసుకునే రాయచోటి మస్తాన్ తన పికప్‌లో తీసుకెళ్తానన్నాడు.

ఆ తోటలో ఒక చిన్న పాత ట్రాక్టరు ఉంది. మడులు దున్నడానికి, గడ్డి కోయడానికి వాడేవారు. నిరుడు చనిపోయిన మా ఆయన సెలవు రోజుల్లో దాన్ని బాగుచేసేవారు. తోట యజమానురాలిని అక్కడివాళ్లంతా మామా అంటారు, అంటే అమ్మ అని. అది తన తండ్రి కొన్న బండి అయితే ఉంచుతుంది, కాకపోతే పాత ఇనుముకి పంపేస్తుంది. తండ్రి అరవై ఎనిమిదిలో పోయాడు. బండి మీద మాత్రం 70 అని ఉంది. కువైట్ వచ్చిన కొత్తలో మా ఆయనే పసుపు రంగు వేసి రాసిన అంకె అది.

బస్సులో నా పక్కన ఇంటిపని చేసే గోదావరి ఆవిడ కూర్చుంది. ఎక్కడికని అడిగింది. ఒక ట్రాక్టరు వయసు తేల్చడానికి అన్నాను.

"వయసెందుకండీ బాబూ, దానికేమైనా సంబంధం చూస్తున్నారేటి?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

అబ్బాసియాలో ఇడ్లీ తినేసరికి మస్తాన్ వచ్చాడు. దారిలో అతనికి ఆశ లేదు.

"సారు రాసింది తప్పయితాదా అక్కా? డెబ్బై అంటే డెబ్బయ్యే. ఈ పొద్దుతో ఖలాస్."

రేకుల షెడ్డులో ముందు ఇంజను చూశాను. దాని మీది సంఖ్యలో మొదటి రెండంకెలు తయారైన ఏడాది అని మా ఆయన చెప్పేవారు. 81 ఉంది. అంటే ఇంజను మధ్యలో మార్చారు. దానితో బండి వయసు తేలదు. గేరుపెట్టె మీద గ్రీజు తుడిస్తే ఇనుములోనే పోత పోసిన 64 కనబడింది. ఆ పెట్టె పోసిన ఏడాది కావచ్చు. బండి ఎప్పుడు కొన్నారో అది చెప్పదు.

అప్పుడు 70 మీద వేలు పెట్టి తడిమాను. పసుపు రంగు కింద పాత రంగు గట్టులా తగిలింది. సున్నా కింద ఉన్నది ఇంకా చిన్న సున్నా. అరబీలో ఆరు మన ఏడులా ఉంటుంది, అయిదు మన సున్నాలా ఉంటుంది. అప్పటికి ఆయనకు అరబీ అంకెలు రావు. ఉన్నదే మళ్లీ రాస్తున్నాననుకుని 70 రాశారు.

"గరుకు కాగితం ఉందా మస్తాన్?"

"ఉండాది గానీ, గీకితే సారు రాసింది పోతాది గదక్కా. ఫోటో అన్నా తీసుకో."

ఫోటో తీసుకున్నాను. అతను కాగితం తెచ్చిచ్చి, తనే గీకుతానని మళ్లీ చెయ్యి చాపాడు, నేను ఇవ్వలేదు. నేనే గీకాను. ఏడు పోయింది, సున్నా పోయింది. కింద తెల్ల రంగులో ٦٥ మిగిలింది.

మస్తాన్ దాన్ని ఫోటో తీసి మామాకు పంపాడు. వెంటనే ఫోన్ వచ్చింది. ఆమె అరబీలో చాలాసేపు మాట్లాడింది.

"వాళ్ల నాయన చేతిరాతేనంటక్కా," అన్నాడు మస్తాన్. "అయిదుకు కింద సన్నగా మూతి పెడ్తాడంట. మామా ఏడుస్తాండాది. బండి యాడికీ పోదు."

మధ్యాహ్నం అదే దారిన తిరిగి వచ్చాను. ఇలాంటి బండి వయసు తేల్చాలనుకునేవారు ఏ ఒక్క అంకెనూ నమ్మవద్దు. ఇంజను మారి ఉండవచ్చు, రాసినవారు పొరబడి ఉండవచ్చు.

బస్సు దిగి, టమాటాల కోసం జమియా దుకాణంలోకి వెళ్లాను. అరబీ అంకెలు నేర్చుకోవడానికి ఒకప్పుడు ఇద్దరం అక్కడి ధరల చీటీలు పోటీపడి పైకి చదివేవాళ్లం. అంకెలు వచ్చేశాక కూడా చాలా ఏళ్లు అలాగే చదివాం. ఇప్పుడు చదవడం లేదు.