వాచర్ చూపిన దిక్కు

పినపాక అడవిలో నాకు తోడొచ్చిన ఫారెస్టు వాచర్ వెళ్లిన దారిన ఎన్నడూ తిరిగి వచ్చేవాడు కాదు. అడవిదున్నలు ఎటున్నాయని కొత్తవాళ్లు అడిగితే చెయ్యెత్తి ఎదురు దిక్కు చూపేవాడు. నాకు మాత్రం నిజం చెప్పేవాడు.

నేను చెట్లకు సెన్సర్ డబ్బాలు కట్టేవాణ్ణి. దున్న దగ్గరికొస్తే ఆ డబ్బా పక్క డబ్బాకు, అది ఇంకోదానికి, అలా దగ్గరి దారిన మా క్యాంపు దాకా కబురు పంపేది.

"గిట్ల ఒక్క తోవనే పంపుతున్నరేంది సార్? అడుగులు పడ్తయి," అన్నాడొకరోజు.

"గాలిలో పోయే కబురుకు అడుగులేంది? అందులో ఏముందో ఎవరూ చదవలేరు," అని నవ్వాను.

చదవాల్సిన పనే లేకపోయింది. వేటగాళ్లు చిన్న రేడియో పట్టుకుని, కబురు ఎటునుంచి వస్తోందో చూసుకుంటూ, డబ్బా తర్వాత డబ్బా దాటి దూడతో ఉన్న తల్లి అడవిదున్నను చేరుకున్నారు. దూడ ఒక్కటే తప్పించుకుంది.

వాచర్ ఆ తల్లి పడిన నేలను అరచేత్తో నిమిరాడు.

తర్వాత కబుర్లను చుట్టు తిప్పి పంపాను. దున్నలు లేని చోటి నుంచి కూడా ఉత్తుత్తి కబుర్లు పంపించాను. అతని దగ్గర నేర్చుకున్నదే. ఆ సంగతి చెప్పి, దూడ ఎటుందని అడిగాను.

"గటు పోయింది సార్," అని వాగు వైపు చెయ్యి చూపాడు.

దూడ అడుగులు నా కాళ్ల పక్కనుంచే, తడి ఆరకుండా, గుట్ట వైపు పోతున్నాయి.

నేను వాగు వైపే నడిచాను.