మరక లేని ప్యాంటు

మనుషుల మాటలు లాండ్రీ అమ్మ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. బట్టల్ని మాత్రం నమ్ముతుంది. భర్తకి ఇంకో ఆవిడ ఉన్న సంగతి కూడా ఆయన చొక్కా కాలరే చెప్పింది. ఆయన వెళ్లిపోయాక కూతుర్ని ఇస్త్రీ బల్ల పక్కనే పెంచింది, డిగ్రీ దాకా చదివించింది.

ఇప్పుడు పీజీ. రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి నీళ్లు పరీక్షించే ల్యాబు చదువు. తెల్లకోటు, తలమీద ఫ్యాను. రెండోది చిత్తడి నేలల చదువు. అది చదివితే పొద్దస్తమానం బురదలో నడిచి పిట్టల్నీ మొక్కల్నీ కనిపెట్టుకునుండే ఉద్యోగం. కూతురి మనసు దానిమీదే. అమ్మ ఊ అంటేనే చేరతానంది. సోమవారానికి తేల్చాలి.

శనివారం కాలేజీవాళ్లు, చేరబోయే పిల్లల్ని బురద చూపించడానికి తీసుకెళ్లారు. సాయంత్రం కూతురు గుమ్మంలో అడుగుపెట్టగానే అమ్మ చూసింది ముఖం కాదు, ప్యాంటు. మడమల దగ్గర కూడా మరక లేదు.

"ఎక్కడికెళ్లావే?"

"చెప్పాగా. నడుం దాకా బురదలో దిగాం."

"నడుం దాకా దిగిన ప్యాంటా ఇది?"

"పైన రబ్బరు సూటు ఇచ్చారమ్మా, ఛాతీ దాకా."

"ఆహా. అది నీకు తొడిగినవాడి పేరేంటో?"

"నువ్వు పోలీసుల్లో చేరాల్సిందమ్మా."

అమ్మ నవ్వలేదు. ఆ ప్యాంటు విప్పించి, కుట్లు తిరగేసి చూసింది. వాసన చూసింది. "ల్యాబులో చేరు," అంది.

"రేపు నాతో రా. చూశాక కూడా వద్దంటే ల్యాబులోనే చేరతా."

ఆదివారం షాపు మూసి వెళ్లింది. నీటి గట్టున రేకుల షెడ్డు. అక్కడ పాఠం చెప్పే తల నెరిసిన మేడం నీళ్లలోంచి ఎక్కి వచ్చింది, ఛాతీ దాకా రబ్బరు, దాన్నిండా నల్లటి బురద. గొట్టంతో కడుక్కుని సూటు విప్పింది. లోపల ప్యాంటు ఇస్త్రీ మడత కూడా చెదరలేదు.

అమ్మ ఆ మడత వైపు చాలాసేపు చూసింది. తర్వాత సూటు అందుకుని మోకాలి దగ్గర గోటితో గీకి, వాసన చూసింది.

"ఇవి ఎవరు కడుగుతారండీ?"

"ఎవరిది వాళ్లే."

"పట్టీల కింద ఇంకా ఉంది," అంటూ అమ్మ గొట్టం తీసుకుంది.

తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూనే, "చేరు," అంది.

అమ్మ మళ్లీ మాట మారుస్తుందేమోనని కూతురు అప్పుడే ఫోన్లో ఫారం తెరిచింది.

అమ్మే మళ్లీ అడిగింది. "సూటు నీ అంతట నువ్వే తొడుక్కుంటావుగా?"

"నేనే అమ్మా."

"ప్యాంటు చూస్తాగా."