నిలబడ్డ కొబ్బరికాయ

ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నా అరచేతిలో కొబ్బరికాయ దానంతటది లేవలేదు, నేనే లేపాను.

నిన్న ఒక భారీ సాహస చిత్రంలో బండ పగిలి నీళ్లు చిమ్మగానే హాలంతా ఈలలు. నాకు ఏడుపొచ్చింది.

మొయినాబాద్‌లో ఐటీ వాళ్లు భూములు కొంటున్న రోజులవి. మా గులాబీ తోట ఎండిపోతోంది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిస్తే, కింద నీళ్లున్న చోట అది నిలబడుతుందని మా బాపు నమ్మకం.

"జర నిమ్మళంగ నడువు బిడ్డా, ఇదే ఆఖరి బోరు" అన్నాడు.

చేవెళ్ల టాకీసులో చూసిన వేసవి సినిమాలో, ఆశ వదలని హీరోకు చివరి నిమిషంలో అన్నీ దొరికాయి. మాకూ దొరుకుతాయని వేలితో కాయను నిలబెట్టాను.

అక్కడే వేయించిన బోరులో సాయంత్రం దాకా బోరుబండి దుమ్మే పోసింది. ఆ సినిమాలు భలే నమ్మిస్తాయి, కానీ ఈ దుమ్మును ఎన్నడూ చూపవు.

తోట అమ్ముకున్న బాపు, దవాఖానలో నాతో చివరిగా అన్నాడు: "నీ తప్పేం లేదు బిడ్డా. కాయ నిలబడ్డది గద, నేను సూసిన."