ఓదెలు పడవకు జీపు టాప్

2022లో శివరాత్రి దాటి, ఎండ ముదరడం మొదలైన రోజులు. జనగామలో హైవే పక్కన నాది ట్రాక్టర్ టాప్‌లు చేసే షెడ్డు. ఇనుప పైపులతో ఫ్రేమ్ కట్టి, పైన రేకు బిగించి, డ్రైవర్ నెత్తి మీద నీడ నిలబెట్టడం నా పని. నా టాప్‌లు ఎంత గట్టివంటే, ఒకసారి బావిలో పడ్డ ట్రాక్టర్‌ను టాప్ పట్టుకుని క్రేన్‌తో లాగితే, ట్రాక్టర్‌తో పాటు బావి కూడా జానెడు పైకి వచ్చింది. నమ్మనివాళ్లు వెళ్లి ఆ బావి గట్టు చూసుకోవచ్చు.

ప్రతి టాప్ వెనక నా ఫోన్ నంబర్ రాయిస్తాను. అలాంటి ట్రాక్టర్ ఒకటి చేతులు మారి మారి మహదేవపూర్ దాకా పోయింది. అక్కడ దాని వెనక నడుస్తున్న ఒక మనిషి నంబర్ చూసి ఫోన్ చేశాడు.

"భాయ్, టాప్ చేస్తవా?"

"చేస్తా. ఏ ట్రాక్టర్?"

"ట్రాక్టర్ గాదు, పడవ."

పాతికేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. నేను తగ్గే రకం కాదు గనక, అన్నీ తెలిసినవాడిలా అడిగాను. "సరే, స్టీరింగ్ ముందుంటదా, వెనకుంటదా?"

"వెనక. స్టీరింగ్ మా ఇంటామెనే" అన్నాడు.

అతని పేరు ఓదెలు. గోదావరిలో చేపలు పడతాడు. పడవ ముందు భాగంలో నిలబడి అతను వల విసిరితే, వెనక కూర్చుని తెడ్డుతో పడవను నిలిపి ఉంచేది అతని భార్య సమ్మక్క. ఆ ఇద్దరిలో ఒక్కరు లేకపోయినా వేట లేదు. వల విసిరే ఊపుకు పడవ బొంగరంలా తిరుగుతుంది. దాన్ని ఆపే చెయ్యి వెనక ఉండాలి. పోయిన వేసవిలో నది మధ్యలో సమ్మక్కకు వడదెబ్బ తగిలింది. తెడ్డు చేతిలో ఉండగానే వెనక్కి ఒరిగిపోయింది. దవాఖానలో డాక్టరు ఇక ఎండలో పనికి పోవద్దన్నాడు. పడవ పాతది. ఒకప్పుడు సర్వే వాళ్లను తిప్పినప్పుడు దానికి హార్డ్‌టాప్, అంటే గట్టి పైకప్పు, ఉండేదట. ఓదెలు కొనేనాటికి నాలుగు బోల్టు రంధ్రాలు మాత్రం మిగిలాయి.

"టాప్ దొరికితే సరి. లేకుంటే పడవ అమ్మి, ఏడన్న వాచ్‌మెన్‌గ చేరుత" అంటున్నాడు ఓదెలు. ఇంతలో ఫోన్ ఎవరో గుంజుకున్నారు.

"అన్నా, గీయన మాట ఇనకు. పడవ అమ్ముడు లేదు గిమ్ముడు లేదు. గీయనకు గేటు కాడ కూసునుడు ఏమొస్తది? కూసున్నకాన్నే నిద్రపోతడు. నువ్వు నీడ తే, నేను పడవల కూసుంట."

టేపు పట్టుకుని నేనే వెళ్లాను. పడవను ఒడ్డు మీదికి లాగి పెట్టారు. మా పనిలో మొదట చూసేది హెడ్‌రూం, అంటే నెత్తికీ కప్పుకూ మధ్య ఖాళీ. ట్రాక్టర్ డ్రైవర్ సగంసేపు సీటు మీద నుంచి లేచి, వెనక్కి తిరిగి ట్రాలీని చూస్తుంటాడు. అందుకని నిలువెత్తు మనిషికి తగలకుండా టాప్ పెడతాం. నేను ఇసుకలో ఉన్న ఆ పడవలోకి ఎక్కి, దర్జాగా నిలబడి, నా నెత్తి మీద ఇంకో జానెడు కలిపి కొలత రాసుకున్నాను.

"అంత ఎత్తు ఎందుకు భాయ్?" అన్నాడు ఓదెలు.

"రేపు మీ బంధువులు ఎక్కితే వంగి నడవాల్నా?" అన్నాను.

షెడ్డులో పద్దెనిమిది గేజ్ రేకుతో టాప్ కట్టాను. గేజ్ అంటే రేకు మందం. నంబర్ తగ్గేకొద్దీ రేకు మందంగా ఉంటుంది. ఏనుగు ఎక్కి కూర్చున్నా ఏమీ కాదు, గోదావరిలో ఏనుగులు ఎక్కడివని మాత్రం ఆలోచించలేదు. ట్రాలీ ఆటోలో వేసుకుని పోయి, పాత రంధ్రాల్లోనే నాలుగు బోల్టులు బిగించాం. ఒడ్డున చూస్తే పెళ్లి మండపంలా ఉంది.

నీళ్లలో దించాక ముగ్గురం ఎక్కాం. నది మధ్యకు వచ్చేదాకా అంతా బాగానే ఉంది. సమ్మక్క నీడలో కూర్చుని నవ్వుకుంటూ తెడ్డు వేస్తోంది. అప్పుడు గాలి లేచింది. పడవ ఒక పక్కకు వంగింది, మళ్లీ రెండో పక్కకు వంగింది, ఆపైన తనంతట తాను బయలుదేరింది.

"సమ్మక్కా, గంత జోరుగ తెడ్డేయకు" అన్నాను.

"నేను తెడ్డు తీసి చానసేపాయె."

"మరి పడవెట్ల పోతున్నది?"

"నీ టాప్‌ను అడుగు!"

నేను కట్టింది టాప్ కాదు, తెరచాప. గాలికి ఎదురు నిలిచిన ఎత్తైన రేకు మమ్మల్ని అడ్డంగా తోసుకుపోతోంది. పైన బరువు ఉండడంతో పడవ వాలినప్పుడల్లా అంచు మీద నుంచి నీళ్లు లోపలికి వస్తున్నాయి. ఓదెలు వల పక్కన పడేసి చెంబుతో నీళ్లు తోడుతున్నాడు. గోదావరిలో చేపలు తలలు బయటపెట్టి మాతో పందెం వేశాయి, ఓడిపోయాయి. చివరికి అవతలి ఒడ్డు ఇసుకలో, మహారాష్ట్రలో, ధడేల్ మని ఆగాం. అక్కడ వలలు ఆరేసుకుంటున్న ఒకాయన లేచి నిలబడ్డాడు.

"ఏంది ఓదెలూ, ఇంజన్ పెట్టించినవా?"

"ఇంజన్ గాదే. గీ భాయ్‌ని పెట్టిచ్చుకున్న" అన్నాడు ఓదెలు.

టాప్ విప్పి పడవలో పడుకోబెట్టి, ముగ్గురం కష్టపడి తిరిగి వచ్చాం. ఇటు ఒడ్డుకు చేరాక ఓదెలు చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"శనారం పడవ చూడనీకి మనుషులు వస్తున్నరు భాయ్. ఇచ్చేస్త. మా ఇంటామెకు మల్ల నీళ్ల మీద ఏమన్నయితే నాతోని కాదు."

ఫోన్‌లో అంత గట్టిగా మాట్లాడిన సమ్మక్క మొహం అటు తిప్పుకుని, మడత పెట్టిన వలనే విప్పి మళ్లీ మడత పెడుతోంది. అప్పటిదాకా నాకు ఇది తమాషా పని. ఆమె వీపు చూశాక తమాషా పోయింది.

"శనివారం పొద్దుగాల నేనొస్త. వాళ్లకంటె ముందు నాకు చూపియ్యి" అన్నాను.

దారి పొడుగునా ఆలోచిస్తూ వచ్చాను. గట్టిగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, ఎత్తు తక్కువ ఉండాలి. రఘునాథపల్లి దగ్గర పాత బండ్ల స్క్రాప్ షాపు కనబడగానే ట్రాలీ ఆటో ఆపించాను. మూలన ఒకప్పుడు ఊళ్లకు జనాన్ని మోసిన జీపు హార్డ్‌టాప్ ఒకటి బోర్లా పడి ఉంది. ఫైబర్‌ది. ఫైబర్ అంటే గాజునార మీద రెజిన్ అనే జిగురు పోసి గట్టిపడనిస్తే వచ్చే రేకు. తుప్పు పట్టదు, బరువుండదు. వెడల్పు కొలిస్తే పడవకు అటూ ఇటూ సరిపోయింది.

షాపాయన అడిగాడు. "జీపేది భాయ్?"

"నీళ్లల్ల ఉన్నది."

"మునిగిందా?"

"మునగకుండనే ఇది కొంటున్న."

పక్క గోడలను గ్రైండర్‌తో కోసేసి కప్పు ఒక్కటే ఉంచాను. పైన తెల్ల రంగు వేశాను. సన్నటి జీఐ పైపులు, అంటే తుప్పు పట్టకుండా పూత వేసినవి, కాళ్లుగా పెట్టాను. ఇక గాలి సంగతి. ట్రాలీ వెనక తలుపుకు పిన్నులుంటాయి. లాగితే తలుపు కిందికి వాలుతుంది. మా పనిలో రోజూ చేతికి తగిలేవే. వాటినే ఈ కాళ్లకు పెట్టాను. కూర్చున్నచోటి నుంచే పిన్నులు లాగితే టాప్ ముందుకు వాలి, పడవ మధ్యలో చేపల బుట్టల మీద మూతలా పడుకుంటుంది. గాలి తగ్గాక ఎత్తి మళ్లీ పిన్ను దూర్చడమే.

శనివారం పొద్దున పడవను నీళ్లలోనే ఉంచమన్నాను. ఈసారి నేను నిలబడలేదు. సమ్మక్కను తన చోట కూర్చోబెట్టి తెడ్డు వెయ్యమన్నాను. చెయ్యి ఎక్కడిదాకా లేస్తుందో, తెడ్డు కొస ఎక్కడిదాకా పోతుందో సుద్దతో పైపు మీద గీత పెట్టి, అక్కడ కోసి టాప్ బిగించాను. నేను లోపలికి పోవాలంటే పాకుకుంటూ పోవాలి. అదీ కొలత.

"మరి మా బంధువులు వంగాల్నా భాయ్?" అంది సమ్మక్క.

"వంగితే ఏమైతది, నీకు దండం పెట్టినట్టుంటది."

ఇద్దరూ నదిలోకి వెళ్లారు. నేను ఒడ్డునే ఉన్నాను. ధైర్యం లేక కాదు, మహారాష్ట్ర మొన్ననే చూశాను గనక. కాసేపటికి పడవ కొనేవాళ్లు ఇద్దరు మోటార్‌సైకిల్ మీద వచ్చి నా పక్కన నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. సమ్మక్క తెడ్డు ఒడిలో పెట్టుకుని, అటొకటి ఇటొకటి పిన్నులు లాగింది. తెల్ల టాప్ మెల్లగా వాలి పడుకుంది. పడవ కొంచెం ఊగి నిలబడింది. ఓదెలు వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. ఆమె గాలి పోయేదాకా కొంగు నెత్తి మీద వేసుకుని కూర్చుంది. తర్వాత టాప్ ఎత్తి పిన్నులు దూర్చి, తెడ్డు అందుకుని, అతనికి చేత్తో సైగ చేసింది. ఓదెలు వల విసిరాడు. అది గుండ్రంగా విచ్చుకుని పడింది. పడవ కదలలేదు.

ఒడ్డుకు వస్తుంటే కొనేవాళ్లు నీళ్ల దాకా పోయి అడిగారు. "ఎంతకిస్తవు ఓదెలూ?"

ఓదెలు నోరు తెరిచేలోపే నీడలో నుంచి సమాధానం వచ్చింది. "పడవ ఇయ్యం. చేపలున్నయి, తీస్కుంటరా?"

ఓదెలు నవ్వి, బుట్ట మూత తీశాడు.

ఈ పనిలో నాకు బుద్ధి వచ్చిందని చెబితే మా ఇంట్లో నమ్మరు. కానీ అప్పటినుంచి నేను బండిని కొలవను, ముందు ఆ నీడలో పనిచేసే మనిషి పని చూస్తాను. ట్రాక్టర్ టాప్ కోసం వచ్చిన ఒక ఆసామిని దున్ని చూపించమంటే, నా షెడ్డు ముందరే దున్నేశాడు. ఆ చాళ్లలో పెసలు చల్లుకున్నాను. పంట బాగానే వచ్చింది, టాప్ కూడా అతని నెత్తికి తగల్లేదు.