నాది కలిసింది

ఒక్క మాటను మోస్తూ ముసలివాణ్ణయ్యాను. "కలవలేదు" అన్నాను. అది అబద్ధం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇన్నాళ్లకు మీతో చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల్లో బెజవాడలో మాకు చీరల టోకు దుకాణం ఉండేది. నాన్నగారు పోయాక నేనూ మా తమ్ముడు రఘూ చూసుకునేవాళ్లం. రఘుకు ఇరవై ఆరో ఏట రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ముఖం ఉబ్బిపోయింది, అన్నం సయించేది కాదు. మద్రాసు తీసుకెళ్లాం. ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే బతకొచ్చన్నారు. అమ్మకు షుగరు. ఇక మిగిలింది నేను.

పరీక్షలయ్యాక డాక్టరుగారు నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచారు. చక్కగా కలిసిందనీ, సొంత అన్న కిడ్నీ గనక ఎక్కువకాలం నిలుస్తుందనీ చెప్పారు. ఆయన చెబుతూ ఉండగానే నా చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది. నా ఇద్దరు పసిపిల్లలు గుర్తొచ్చారని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా గుర్తొచ్చారా? లేదు. కత్తి గుర్తొచ్చింది. ఇవ్వలేనన్నాను. ఆయన బలవంతపెట్టలేదు. భయపడటం నేరం కాకపోవచ్చు. బయట బల్ల మీద కూర్చున్న అమ్మ దగ్గరికి వెళ్లి, భయమేసిందమ్మా అని ఉంటే, ఇవాళ ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. "కలవలేదమ్మా" అన్నాను. అమ్మ నా తల నిమిరి ఓదార్చింది. నన్ను!

వీరాస్వామి మంగళగిరిలో మాకు చీరలు నేసేవాడు. అతని ఇల్లు తాకట్టులో ఉందని నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. మగ్గం మీంచి లేచి వచ్చి, నేను చెప్పిందంతా నిలబడే విన్నాడు.

"తమరిది సరిపోలేదాండి?" అన్నాడు. అనుమానంతో కాదు, జాలితో.

"లేదయ్యా. సరిపోతే నీదాకా వస్తానా?"

"అదేలెండి. తోడబుట్టినోడికి ఇవ్వకుండా ఎవరుంటారు?"

ఇల్లు విడిపిస్తే చాలన్నాడు. విడిపించాను, పైన ఇంకొంత ఇచ్చాను. ఎందుకిచ్చాను? దయ అనుకున్నాను అప్పుడు. తమ్ముడి కోసం డబ్బుకు వెనకాడలేదని బంధువులంతా మెచ్చుకున్నారు, ఆ మెప్పు నాకు బాగుంది కూడా. ఇల్లు పోతున్నవాడి ముందు డబ్బు పెట్టి, "నీ ఇష్టం" అంటే అది ఇష్టమవుతుందా? డబ్బుకు కిడ్నీ ఇవ్వొచ్చా, పుచ్చుకోవచ్చా అని తర్వాతెప్పుడో చదువుకున్నవాళ్లు వాదించుకుంటుంటే విన్నాను. ఇవ్వడానికి నా దగ్గర రెండున్నాయి, కిడ్నీ, డబ్బు. నొప్పి లేనిది ఇచ్చాను.

ఆసుపత్రిలో అతణ్ణి మా పెద్దమ్మ కొడుకని చెప్పించాను. పరీక్షల్లో అతనిది సరిపోయింది, ఆపరేషన్ జరిగింది. రఘు లేచి తిరిగాడు, మళ్లీ దుకాణంలో కూర్చున్నాడు. వీరాస్వామి మాత్రం మునుపటిలా మగ్గం ముందు కూర్చోలేకపోయాడు. కాసేపటికే పక్కలో పోటు వచ్చేదట. చివరికి మగ్గం అమ్మేశాడు.

రెండేళ్లు తిరక్కుండానే రఘు ఒంట్లో ఆ కిడ్నీ పనిచేయడం మానేసింది. పోయాడు.

పదకొండో రోజున వీరాస్వామి బస్సెక్కి వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే చేతులు జోడించాడు.

"నాది నిలబడలేదండి. మన్నించండి. సొంతవోళ్లదైతే బతికేవోరేమో" అని ఏడ్చాడు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. అమ్మ పక్కనే ఉంది, బంధువులంతా ఉన్నారు. నేనేం చేశానో తెలుసా? అతని భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పేముందిలే వీరాస్వామీ" అన్నాను. పెద్దమనసుతో అన్నట్టే అన్నాను. అతను తల వంచుకుని వెళ్లిపోయాడు, తన వల్లే పోయాడనుకుంటూ. అలా అనుకుంటూనే మరో పదేళ్లు బతికి కన్నుమూశాడు.

అమ్మ కూడా పోయింది. మన్నించే హక్కున్నవాళ్లెవరూ మిగల్లేదు. ఉంటే మాత్రం అడిగేవాణ్ణా? ఏమో. మీరు మన్నించవద్దు. వింటే చాలు. ఆ డాక్టరుగారి తర్వాత ఈ సంగతి తెలిసింది మీకే.