పాదిరీ దొర గోత్రం

నా చిన్నప్పుడు మహాలయ అమావాస్య నాడు మా ఇంట్లో ఎవరైనా ముద్ద ముట్టాలంటే మా తాతయ్య రేవు నుంచి తిరిగి రావాలి. చనిపోయిన పెద్దలకు ఆయన నువ్వులూ నీళ్ళూ వదిలేదాకా పిల్లలకైనా మంచినీళ్ళే గతి. మేముండేది బర్మాలో, అప్పటి రంగూన్ అయిన యాంగోన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నువ్వుల పొట్లం పట్టుకోవడానికి తాతయ్య నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. గొప్ప గౌరవమే. కానీ రేవు మెట్ల పక్కనే ఒకావిడ వేడివేడి మొహింగా అమ్ముతోంది. ఆ చేపల పులుసు వాసనకి నా ప్రాణం లాగేసింది.

ఆ ఏడు వచ్చిన పంతులుగారు కొత్తవారు. తాతయ్య మోకాటి లోతు నీళ్ళలో నిలబడి తన తండ్రికీ తాతకీ తర్పణం వదిలాడు. హమ్మయ్య, అయిపోయిందని నేను చెప్పులు వేసుకున్నాను. తాతయ్య కదల్లేదు.

"ఇంకొకరున్నారండి బాబూ. పాదిరీ దొర."

పంతులుగారు పేరేమిటన్నారు, గోత్రమేమిటన్నారు. తాతయ్యకు రెండూ తెలియవు. పాత పంతులుగారు అడిగేవారు కాదు, కానిచ్చేసేవారు. "పేరూ గోత్రం లేకుండా వదిలితే ఎవరికి చేరతాయయ్యా?" అన్నారు కొత్తాయన. ఆ మాటలో కోపం లేదు, ఆయనకు నిజంగానే పాలుపోలేదు. తాతయ్య ముఖం మాత్రం పాలిపోయింది. ఇన్నేళ్ళూ తను వదిలిన నీళ్ళు ఆ మనిషికి అందనే లేదేమోనని భయం పట్టుకుంది.

అప్పుడు అక్కడే, నీళ్ళలో నిలబడే చెప్పుకొచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన సైనికుల్ని మోసే ఓడలో, అడుగున బొగ్గు వేసే పనిలో ఉండేవాడు. ఆ ఓడలో నౌకాదళం పాదిరీ ఒకాయన ఉండేవాడు. ఒక పొద్దున టార్పెడో తగిలి ఓడ ఒరిగింది. కింద దీపాలు ఆరిపోయాయి, నీళ్ళు వచ్చేస్తున్నాయి. పైకి పోవలసిన పాదిరీ ఎదురు దిగివచ్చి, ఇనుప నిచ్చెన మొదట్లో టార్చితో నిలబడి చేతికందిన వాళ్ళనల్లా పైకి నెట్టాడు. తాతయ్యకు ఈత రాదు, తేలే బెల్టూ లేదు. పాదిరీ తన నడుముది విప్పి తాతయ్యకు కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసి, వీపు మీద చరిచి ఎక్కించాడు. తను ఎక్కలేదు. గాయాలతో లేవలేనివాళ్ళు ఇంకా కిందే ఉన్నారు. ఆ చీకట్లోకి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. నిచ్చెన పైదాకా ఆయన ప్రార్థన పాడుతున్న గొంతు వినిపించిందట. ఓడ మునిగింది. మర్నాడు ఎవరో తాతయ్యను నీళ్ళలోంచి తీశారు.

"నా నడుంకి బెల్టు కట్టినపుడు నాది ఏటి గోత్రమని ఆ దొర అడగనేదండి," అన్నాడు తాతయ్య.

వెనక వరసలో తర్పణానికి వేచి ఉన్నవాళ్ళు సణుగుతున్నారు. పోటు తాతయ్య తొడలదాకా వచ్చింది. ఈయన బయటికి రాడు, ఆయన మంత్రం చదవరు. నా కడుపులో ఎలకలు పరుగులు పెడుతున్నాయి. ఇక ఉండబట్టలేక మెట్ల మీంచి అరిచాను.

"తాతా, మన గోత్రమే సెప్పీ! ఇంటికెల్లిపోదాం!"

పంతులుగారు నన్ను చూశారు, తాతయ్యను చూశారు. "చెప్పమంటావా?" అని మెల్లగా అడిగారు.

"సెప్పండి బాబూ. నాగుల గోత్రం. ఆ దొర మావోడే." మంత్రం మధ్యలో పాదిరీ అన్న మాట వింతగా వినిపించింది. తాతయ్య మూడు దోసిళ్ళు నిండుగా వదిలాడు.

ఇంటికొచ్చాక, "ఈ గుంటకి ఎంత బుద్దో సూడండి, నాకు తట్టనిది దీనికి తట్టింది!" అని అందరికీ చెప్పి, మొదటి గారె నా ఆకులోనే వేయించాడు. నేను సిగ్గుపడుతూనే తిన్నాను. ఆకలికి నోరు జారానని ఆయన బతికుండగా చెప్పలేకపోయాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మా అబ్బాయి నీళ్ళు వదులుతుంటే గట్టు మీద కూర్చుని పాదిరీ దొరకు మా తాతయ్య గోత్రం చెప్పేది నేనే. వీధిలో ఎవరింట్లో కష్టమొచ్చినా, వాళ్ళు మనకేమవుతారన్న ప్రశ్న నోటిదాకా వస్తే మింగేసి లేచి వెళ్తాను. తాతయ్య నాలో చూసిన బుద్ధి ఆ రోజు నాలో లేదు. ఆయన ఉందని నమ్మేశాడు కాబట్టి, తర్వాతైనా తెచ్చుకోక తప్పలేదు.