కొలువులో ఖౌలా

కుండీల్లో మొక్కలకు నీళ్లు పోసినప్పుడు ఆ తడిమట్టి వాసన తగిలిందంటే, ఇక ఆ పూటంతా నాకు కాలు నిలవదు. వంటింట్లోకీ వరండాలోకీ ఊరికే తిరుగుతాను. డెబ్బైల నడుమ నాన్న ఒమాన్‌లో రోడ్డు పనుల ఇంజనీరుగా చేరాక, కాకినాడ నుంచి మేం వెళ్లి పడ్డది బహ్లా అనే ఊళ్లో. చుట్టూ ఖర్జూర తోటలు, వాటి మధ్య గలగలమనే కాలవలు, కుమ్మరుల పొగ, మధ్యాహ్నమైతే చెప్పుల్లోంచి కూడా అరికాళ్లు కాల్చే నేల.

పక్కింటి జువైనా నా ఈడుది. వాళ్ల నాయనమ్మను మేమందరం హబూబా అనేవాళ్లం. అవ్వను అక్కడ అలాగే పిలుస్తారు. సాయంత్రం ఏలకుల కాఫీ కాచుకుని, మా చేతుల్లో ఖర్జూరాలు పెట్టి ఆవిడ కథ మొదలెట్టేది. వీధి ఆటల్లోనే అరబ్బీ పట్టేసిన నాకు ప్రతి మాటా అర్థమయ్యేది. అన్నీ ఇస్లాం తొలినాళ్ల యుద్ధాల్లో కలబడ్డ ఆడవాళ్ల కథలే. గాయపడ్డవాళ్లకు నీళ్లు మోస్తూ, దాడి మీదికొచ్చేసరికి తోలుతిత్తి పడేసి కత్తి అందుకున్నావిడ; శత్రువులకు చిక్కి, ఆయుధం లేక డేరా గుంజలు పీకి తిరగబడ్డవాళ్లు; అందరినీ మించి ఖౌలా. అన్నను శత్రువులు పట్టుకుపోయారని విని, కళ్లు మాత్రం కనబడేలా ముఖానికి గుడ్డ చుట్టి గుర్రమెక్కిన పిల్ల. సరిగ్గా ఆ గుర్రం దౌడు తీసే చోట హబూబా కథ ఆపేసి, పొయ్యి చూడాలనో నమాజు వేళయిందనో లేచిపోయేది. అన్న దొరికాడా అని ఎంత వేధించినా చెప్పేది కాదు. జువైనాకూ తెలియదట. ఆ బెంగతో నాకు అన్నం సయించేది కాదు.

దసరా వచ్చింది. అమ్మ బొమ్మలన్నీ కాకినాడలో పెట్టెలోనే ఉండిపోయాయి. అంతమాత్రాన కొలువు మానేస్తే అది మా అమ్మ ఎలా అవుతుంది? కుమ్మరుల దగ్గర మట్టి అడిగి తెచ్చి మేమే చేశాం: సెట్టిగారూ సెట్టెమ్మా, ఆవూ దూడా, వంకరమూతి సింహం మీద దుర్గమ్మ. నేను ఖౌలాను చేసి, నల్లగుడ్డ చుట్టి, గుర్రమెక్కించి దుర్గమ్మ పక్కన నిలబెట్టాను. అమ్మ ముచ్చటపడి, మిగతా బొమ్మలతో పాటు దానికీ కుంకుమ పెట్టి హారతిచ్చేసింది.

పేరంటానికి హబూబా కూడా వచ్చింది. శనగలు అందుకుని నవ్వుతూ కొలువు మెట్లవైపు చూసి, ఆ గుర్రం మీద ఎవరని అడిగింది. గొప్పగా చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

“కొంప ముంచావు కదే,” అమ్మ నా చెవిలో గొణిగింది.

ఇక వాళ్ల గడప తొక్కనివ్వరు, కథ అక్కడితో సరి అనుకున్నాను. హబూబా బొమ్మను అందుకుని, పైగుడ్డ చెంగుతో కుంకుమ తుడిచి నా చేతిలో పెట్టింది.

“ఈమెకు మొక్కకూడదు తల్లీ. మనలాంటి మనిషే. అన్న కోసం వెళ్లింది.”

ఉండబట్టలేక మళ్లీ అడిగేశాను, దొరికాడా అని. ఆవిడ నా చేతిలోని బొమ్మకు జారిన నల్లగుడ్డ సర్దింది.

“ఆమెకు దొరికాడు.”

మర్నాడు జువైనా వాళ్లమ్మను గుచ్చిగుచ్చి అడిగి వచ్చి నాకు చెప్పింది. హబూబా వయసులో ఉండగా ఆవిడ అన్న కొండల్లో ఏదో పోరుకు వెళ్లి తిరిగి రాలేదట. వెతకడానికి తను వెళ్తానంటే ఇంట్లోవాళ్లు గదిలో పెట్టి గడియ వేశారట.

ఈమధ్య బహ్లా వెళ్లాను. వాళ్ల మట్టి ఇల్లు కూలిపోయింది, హబూబా ఎప్పుడో పోయింది, జువైనా ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు. ఎదురుచూసిన మనిషే లేనప్పుడు, రాని ఆ అన్న కోసం ఇంకా ఎదురుచూస్తున్నది బహుశా నేనొక్కదాన్నే. ఆయన పేరైనా నాకు తెలియదు.